ప్యాకేజీ మేనేజర్ రాసుకునే చిట్టా, ఆవర్జా

మీ గుంటూరు కాలేజీ ల్యాబ్ గురించి రాసింది రెండుసార్లు చదివాను. 60 సిస్టమ్‌లు, అన్నిట్లో ఉబుంటు 22.04 లినక్స్. అప్‌గ్రేడ్ చేసిన దగ్గర్నుంచి ఆప్ట్, అంటే సాఫ్ట్‌వేర్‌లు పెట్టి తీసే ప్యాకేజీ మేనేజర్, ఒక జాబితా చూపించి, ఇవి వేరే ప్యాకేజీల కోసం వచ్చినవి, ఇప్పుడు వీటితో పని లేదు, ఆటోరిమూవ్ కొడితే తీసేస్తాను అంటోంది. ఆ జాబితాలో పాత కర్నల్‌లు (సిస్టమ్‌ని నడిపే మూల ప్రోగ్రామ్‌లు) రెండు, లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం13 అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్), వాటితో పాటు సీ++ కంపైలర్ జీ++ కూడా ఉంది. జీ++ తోనే వచ్చిన మేక్ అనే బిల్డ్ పరికరం మాత్రం అందులో లేదు. వచ్చే వారం సీ++ ల్యాబ్ ఎక్స్‌టర్నల్. ఒక సాఫ్ట్‌వేర్‌కి ఏమేం కావాలో వెర్షన్ వెర్షన్‌కీ మారిపోతుంటే ప్యాకేజీ మేనేజర్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది, అది పని లేదన్నదాన్ని నమ్మి తీసేయొచ్చా అని మీరు అడిగారు.

ముందు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. పాత కర్నల్‌లు, ఆ లైబ్రరీ తీసేయొచ్చు. జీ++ ని ముట్టుకోకండి. ఆప్ట్ తప్పేమీ చెప్పలేదు. మీ ల్యాబ్‌కి జీ++ కావాలని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ రెండు మాటలు ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే మీ మిగతా ప్రశ్నలకీ జవాబు దొరుకుతుంది.

నేను విజయవాడలో ఉంటాను. ఆఫీసులకీ షాపులకీ లినక్స్ సర్వర్లు చూసిపెట్టడమే పని. ఈ ప్రశ్న అడిగినవాళ్లలో చాలామంది ప్యాకేజీ మేనేజర్ ఒక కాపలాదారులా కూర్చుని, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ వాడుతోందో చూస్తూ ఉంటుందనుకుంటారు. అది దేన్నీ చూడదు. లెక్కలు రాసుకుంటుంది, అడిగినప్పుడు ఆ లెక్కలు తిరగేస్తుంది. మా నాన్న వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ షాపులో గుమాస్తాగా చేసేవారు. ఆయన దగ్గర రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో ఆ రోజు ఏ వరసలో ఏం జరిగితే ఆ వరసలో రాసేవారు. ఆవర్జాలో పేరు పేరునా ఖాతా, ఈ రోజుకి ఎవరి లెక్క ఎంత అన్నది. డెబియన్, దాన్నుంచి వచ్చిన ఉబుంటుల్లో ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీ దగ్గర కూడా సరిగ్గా ఈ రెండే ఉంటాయి. వార్ అనే ఫోల్డర్లో లాగ్, అందులో ఉండే డీపీకేజీ లాగ్ దాని చిట్టా. వార్‌లో లిబ్, అందులో డీపీకేజీ, అందులో స్టేటస్ అనే ఫైల్ దాని ఆవర్జా. ఆ స్టేటస్ మామూలు టెక్స్ట్ ఫైలే. ఒకసారి తెరిచి చూడండి, మార్చకండి.

అందులో కర్ల్ (నెట్ నుంచి ఫైళ్లు తెచ్చే కమాండ్) ఖాతా వెతకండి. పైన పేరు, దాని కింద స్టేటస్ అన్నచోట ఇన్‌స్టాల్ ఓకే ఇన్‌స్టాల్డ్ అని మూడు మాటలు. మొదటిది మీరు కోరుకున్నది, రెండోది తేడా ఏమైనా వచ్చిందా అన్నది, మూడోది ఇప్పుడు నిజంగా ఉన్న స్థితి. తర్వాత వెర్షన్, 22.04లో అయితే 7.81.0తో మొదలవుతుంది. ఆ కింద డిపెండ్స్ అనే వరస: లిబ్‌సీ6 కనీసం 2.34, లిబ్‌కర్ల్4 సరిగ్గా ఈ కర్ల్ వెర్షన్‌దే, జెడ్‌లిబ్1జీ కనీసం 1.1.4. ఈ వరస డీపీకేజీ కనిపెట్టి రాసింది కాదు. కర్ల్ ప్యాకేజీ వచ్చే డెబ్ ఫైల్ లోపలే ఒక చీటీ ఉంటుంది, దాన్ని కంట్రోల్ ఫైల్ అంటారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ చీటీలో ఉన్నదాన్ని ఆవర్జాలోకి ఎక్కించుకుంది.

మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. కర్ల్‌కి ఏం కావాలో మారుతుంది అని మనం అంటాం గానీ, అవసరాల జాబితా కర్ల్‌ది కాదు, కర్ల్ తాలూకు ఒకానొక వెర్షన్‌ది. 7.81.0 ప్యాకేజీ ఒకసారి తయారయ్యాక దాని చీటీ ఎప్పటికీ మారదు. కొత్త వెర్షన్ వస్తే దాని చీటీ దానిదే. అప్‌గ్రేడ్ అయ్యాక డీపీకేజీ ఆ ఖాతాలో పాత చీటీ తీసేసి కొత్త చీటీ ఎక్కిస్తుంది. పాత వెర్షన్‌కి ఏం కావాల్సి వచ్చిందో ఆవర్జాలో ఇక కనపడదు. ఎప్పుడు ఏది వచ్చింది, ఏది పోయింది కావాలంటే చిట్టా చూసుకోవాల్సిందే. వార్‌లోని లాగ్‌లో ఆప్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో హిస్టరీ అనే ఫైల్ ఇంకా బాగుంటుంది, మీరు ఏ కమాండ్ కొడితే ఏమేం వచ్చాయో, ఏమేం పోయాయో విడివిడిగా రాసి ఉంటుంది. జీ++ ని అడిగే కాగితం ఎప్పుడు చిరిగిందో మీకు అక్కడే దొరుకుతుంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆప్ట్ అప్‌డేట్ కొట్టినప్పుడు ఈ ఆవర్జాని ఎవరూ ముట్టుకోరు. రిపాజిటరీలో, అంటే ఉబుంటువాళ్ల ప్యాకేజీల గోదాములో, ఇప్పుడు ఏ ప్యాకేజీలు దొరుకుతున్నాయి, ఒక్కోదాని చీటీలో ఏముంది అన్న జాబితాలు మాత్రమే మీ డిస్క్ మీదకి వస్తాయి. అవి వేరే ఫోల్డర్లో, ఆప్ట్ లిస్ట్స్‌లో ఉంటాయి. అంటే ఒకవైపు మీ ఇంట్లో ఉన్న సరుకు లెక్క, ఇంకోవైపు బజార్లో దొరికే సరుకు లెక్క. అప్‌గ్రేడ్ అన్న ప్రతిసారీ ఆప్ట్ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మొదట్నుంచీ లెక్క వేస్తుంది. నిన్నటి లెక్క ఏమీ మనసులో పెట్టుకోదు. ఈ లెక్క వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఇన్ని షరతుల మధ్య అన్నిటికీ సరిపడే కూర్పు వెతకడం ఎన్‌పీ-కంప్లీట్ తరగతి సమస్య, అంటే ఎప్పుడూ త్వరగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియనిది. రోజువారీ అప్‌గ్రేడ్‌లో షరతులు సాదాసీదాగా ఉంటాయి కాబట్టి క్షణాల్లో తేలిపోతుంది.

కర్నల్ సంగతి చూడండి, మారే అవసరాలకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. లినక్స్-ఇమేజ్-జెనరిక్ అనే ప్యాకేజీలో చెప్పుకోదగ్గ సరుకేమీ ఉండదు. మీ సిస్టమ్‌లలో కొత్త హార్డ్‌వేర్‌కి ఇచ్చే రకం ఉంటే పేరు చివర్లో హెచ్‌డబ్ల్యూఈ అని కూడా ఉండొచ్చు. దాని చీటీలో నాకు ఫలానా నంబర్ కర్నల్ కావాలి అన్న మాట ముఖ్యం. ఉబుంటువాళ్లు కొత్త కర్నల్ విడుదల చేసినప్పుడల్లా ఈ ప్యాకేజీకి కొత్త వెర్షన్ వస్తుంది, చీటీలో నంబర్ మారుతుంది. కొత్త కర్నల్ పేరే వేరు కాబట్టి అది కొత్త ప్యాకేజీ కింద లెక్క. అందుకే పాత అలవాటు కొద్దీ ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ కొడితే కర్నల్ ఆగిపోతుంది, కెప్ట్ బ్యాక్ అని చూపిస్తుంది. ఆ కమాండ్ కొత్త ప్యాకేజీ పెట్టదు, ఉన్నది తీయదు. ఆప్ట్ అప్‌గ్రేడ్ కొత్తవి పెడుతుంది, ఉన్నవి మాత్రం తీయదు. ఫుల్-అప్‌గ్రేడ్ అవసరమైతే తీసేస్తుంది కూడా. కెప్ట్ బ్యాక్ అనగానే ఏదో పాడైందని కంగారుపడి ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టేవాళ్లని చాలామందిని చూశాను. ముందు కారణం చూడండి. ఉబుంటులో కొన్ని అప్‌డేట్లను విడతలవారీగా కొంతమందికి ముందు, కొంతమందికి తర్వాత ఇస్తారు. మీ వంతు రాకపోయినా అలాగే ఆగుతుంది, రెండు రోజులాగితే అదే వస్తుంది.

కొత్త కర్నల్ వచ్చింది సరే, పాతది ఏమైంది? దాన్ని అడిగే చీటీ ఇప్పుడు ఏ ఖాతాలోనూ లేదు. అలాగని వెంటనే పోదు. వాడుతున్న కర్నల్‌నీ, అన్నిటికన్నా కొత్తవాటినీ తీయకూడదని ఆప్ట్‌కి ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. అవి పోగా మిగిలినవే మీ జాబితాలోకి వచ్చాయి. నిజానికి వీటిని ఎప్పటికప్పుడు తీసేయడమే మంచిది. బూట్‌కి విడిగా చిన్న పార్టిషన్ ఇచ్చిన సిస్టమ్‌లలో పాత కర్నల్‌లతో అది నిండిపోయి, కొత్త కర్నల్ సగంలో ఆగిపోయిన కేసులు లెక్కలేనన్ని సరిచేశాను.

లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం13 కథా అదే. తెరమీద బొమ్మలు గీసే మెసా డ్రైవర్ల కోసం అది వచ్చింది. 22.04 వచ్చిన కొత్తలో మెసా చీటీలో 13 ఉండేది. తర్వాతి మెసా వెర్షన్ చీటీలో 15 అని వచ్చింది. 15 పెట్టారు, 13ని అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఇక్కడ మెసా 13ని తీసేయమని ఎక్కడా చెప్పలేదన్నది గమనించండి. ఒక ప్యాకేజీ తనకేం కావాలో చెబుతుందే తప్ప, తనకి అక్కర్లేనిదాన్ని తీసేయమనదు. వేరే ఎవరికైనా కావాల్సి ఉండొచ్చు కదా.

మరి ఎవరికీ అక్కర్లేదని తేల్చేది ఎవరు? ఇక్కడికొచ్చేసరికి మూడో పుస్తకం ఒకటి ఉంది, మీ జీ++ కథంతా దానిలోదే. వార్ లిబ్ ఆప్ట్‌లో ఎక్స్‌టెండెడ్ స్టేట్స్ అనే చిన్న ఫైల్. మీరు పేరుపెట్టి అడగకుండా, వేరేదాని వెనక వచ్చిన ప్రతి ప్యాకేజీకీ అందులో ఆటో-ఇన్‌స్టాల్డ్ 1 అని గుర్తు పడుతుంది. గుర్తు లేనిదంతా మీరు కావాలని పెట్టుకున్నట్టే లెక్క. డీపీకేజీతో నేరుగా పెట్టిన డెబ్ ఫైళ్లూ ఇలాగే మీరు కోరినవాటి కిందకే వస్తాయి.

ఆటోరిమూవ్ అన్నప్పుడు ఆప్ట్ మీరు కోరిన ప్యాకేజీల దగ్గర మొదలుపెడుతుంది. వాటి చీటీలు పట్టుకుని వాటికి కావాల్సినవి, మళ్లీ వాటికి కావాల్సినవి, ఇలా నడుచుకుంటూ పోయి దారిలో తగిలినవాటన్నిటికీ ఉండాలి అని గుర్తు పెడుతుంది. నడక అంతా అయ్యాక ఆటో గుర్తు ఉండి, ఏ దారిలోనూ తగలనివే మీకు చూపించే జాబితా. ఒక్కో లైబ్రరీని ఎంతమంది అడుగుతున్నారో లెక్కపెట్టి సున్నా అయితే తీసేస్తే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. సరిపోదు. లిబ్‌సీ6కి లిబ్‌జీసీసీ-ఎస్1 కావాలి, లిబ్‌జీసీసీ-ఎస్1కి లిబ్‌సీ6 కావాలి. ఒకరి చేయి ఒకరు పట్టుకుని తిరిగే ఇలాంటి జంటల లెక్క ఎప్పటికీ సున్నాకి రాదు. బయటివాళ్లకి ఎవరికీ అక్కర్లేకపోయినా అలాగే పడి ఉంటాయి. మొదట్నుంచీ నడిచి చూస్తేనే ఆ సంగతి తేలుతుంది.

ఈ నడకలో డిపెండ్స్ ఒక్కటే చూడదు, మామూలు సెట్టింగ్‌లో రికమెండ్స్, సజెస్ట్స్ అన్న వరసల్లో ఉంటే మంచిదని రాసినవాటినీ వదిలిపెట్టదు. తీసేయడానికి కాస్త వెనకాడే స్వభావం ఆప్ట్‌ది, అది నాకు నచ్చుతుంది. మీకు అంతుపట్టని మేక్ సంగతి ఇదే. మీ సిస్టమ్‌లలో మొదట బిల్డ్-ఎసెన్షియల్ పెట్టి ఉంటారు. దాని చీటీలో జీసీసీ, జీ++, మేక్, డీపీకేజీ-డెవ్, సీ లైబ్రరీ హెడర్లు ఉంటాయి. అవన్నీ ఆటో గుర్తుతోనే వచ్చాయి. తర్వాత ఎప్పుడో ఎవరో బిల్డ్-ఎసెన్షియల్‌ని తీసేశారు. తీసేసినవాళ్లని తప్పుపట్టలేం, పేరు చూస్తే డిస్క్ తినే సామాన్లా ఉంటుంది, నిజానికి అందులో జాబితా తప్ప సరుకు ఏమీ లేదు. దాంతో జీ++ ని అడిగే దారి తెగిపోయింది. మేక్‌కీ ఆ దారి తెగింది గానీ, మామూలుగా ఉబుంటు సిస్టమ్‌లలో ఉండే పెర్ల్ ప్యాకేజీ చీటీలో సజెస్ట్స్ అన్నచోట మేక్ పేరు ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆప్ట్ మేక్‌ని ఉంచింది. మీ పిల్లలు రోజూ జీ++ వాడుతున్నారన్నది ఏ పుస్తకంలోనూ లేదు. హిస్టరీ ఫైల్లో బిల్డ్-ఎసెన్షియల్ కోసం వెతికితే తీసేసిన తేదీ కనిపిస్తుంది. ఆ ఫైళ్లు నెలనెలా మారుతుంటాయి, జిప్ చేసిన పాతవి కూడా చూడండి.

ఇంతవరకూ చెప్పినదంతా చీటీలో రాసింది నిజమైతేనే. అబద్ధమైతే ఏమవుతుందో నాకు ఒక సోమవారం పొద్దున్న తెలిసింది. 2023 ఫిబ్రవరి. మీ ఊళ్లోనే మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపు. ఆదివారం యార్డుకి సెలవు కదా అని వెళ్లి వాళ్ల సిస్టమ్‌ని 20.04 నుంచి 22.04కి మార్చాను. చివర్లో ఇక ఎవరికీ అక్కర్లేని పాత ప్యాకేజీలు తీసేయమంటారా అని అడిగితే జాబితా పైపైన చూసి సరే అన్నాను. పొద్దున్నే ఫోన్. సీజన్ మొదలైంది, టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్నాయి, కాటా అయిపోయింది, పట్టీ (రైతుకిచ్చే బిల్లు) రాయాల్సిన ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. రైతులు నిలబడి ఉన్నారు. బస్సెక్కి వచ్చేసరికి గంటన్నర పట్టింది, అంతసేపూ వాళ్లు చేత్తోనే పట్టీలు రాసుకున్నారు.

టెర్మినల్‌లో ఆ ప్రోగ్రామ్‌ని పిలిస్తే ఒకే వాక్యం: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్‌ఓ 1.1 తెరవలేకపోతున్నాను, అలాంటి ఫైల్ లేదు. ఆప్ట్‌ని అడిగితే అంతా సవ్యంగా ఉందంటుంది. డీపీకేజీ జాబితాలో ఆ బిల్లింగ్ ప్యాకేజీ పక్కన రెండు ఐలు, అంటే పూర్తిగా ఇన్‌స్టాల్ అయి ఉంది. ఎక్కడా ఎర్ర అక్షరం లేదు. ఆవర్జా తెరిచి ఆ ఖాతా చూశాను. డిపెండ్స్ వరసే లేదు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు డెబ్ తయారుచేసేటప్పుడు ఏం కావాలో రాయనేలేదు. 20.04లో ఆ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఇచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్ మీద సమాచారం భద్రంగా పంపే సాఫ్ట్‌వేర్) 1.1.1 ఎలాగూ ఉంటుంది కాబట్టి వాళ్లకి ఆ లోటు తెలియలేదు. 22.04కి వచ్చేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1ని అడిగే కాగితం ఒక్కటీ లేదు కాబట్టి నా ఒప్పుకోలుతోనే అది పోయింది. ఆ రోజు నేను ఆ జాబితా నిదానంగా చదివి ఉంటే అది జరిగేది కాదు.

చీటీలో డిపెండ్స్ ఎలా రాయాలి అన్నది డెబియన్‌లో చక్కగా ఏర్పాటు చేశారు. ప్యాకేజీ తయారయ్యేటప్పుడు డీపీకేజీ-ష్‌లిబ్‌డెప్స్ అనే పరికరం తయారైన ప్రోగ్రామ్ ఫైల్‌ని తెరిచి, అది ఏ లైబ్రరీల్ని పేరుపెట్టి అడుగుతోందో చదువుతుంది. ఆ లైబ్రరీ ఏ ప్యాకేజీలో ఉందో, ఆ ప్రోగ్రామ్ వాడే ఫంక్షన్లు ఏ వెర్షన్ నుంచి ఉన్నాయో చూసి వరస తనే నింపుతుంది. కర్ల్ చీటీలో లిబ్‌సీ6 కనీసం 2.34 అని ఉండడం వెనక ఉన్నది ఈ లెక్కే. కానీ ఈ పరికరానికి కనపడనివీ ఉంటాయి. నడుస్తుండగా డీఎల్-ఓపెన్ అనే ఫంక్షన్‌తో తెరిచే లైబ్రరీ, ఒక స్క్రిప్ట్ మధ్యలో పిలిచే ఇంకో కమాండ్, వీటిని మనిషే గుర్తుపెట్టుకుని రాయాలి. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి మళ్లీ చూసుకోవాలి. డెబియన్‌లో ఈ పని చేసేవాళ్లని మెయింటెయినర్లు అంటారు, ఎక్కువమంది స్వచ్ఛందంగానే చేస్తారు. మన సిస్టమ్‌లు సజావుగా అప్‌గ్రేడ్ అవుతున్నాయంటే వాళ్ల ఓపిక వల్లే.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 ఉండగా 1.1 ఎందుకు కావాల్సి వచ్చింది అని షాపాయన అడిగారు. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుకెళ్తే పార్ట్ నంబర్ అడుగుతారు కదా. కంపెనీ లోపల ఏ మెరుగులు దిద్దినా పాత బండికి అదే బిగింపుతో కూర్చున్నంతకాలం నంబర్ మార్చదు. బిగింపు మారిన రోజు నంబర్ మారుస్తుంది. లైబ్రరీలకి ఆ నంబర్‌ని ఎస్‌ఓ-నేమ్ అంటారు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్‌ఓ 1.1, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్‌ఓ 3 రెండు వేర్వేరు పార్ట్ నంబర్లు. డెబియన్‌లో ఆ నంబర్‌ని ప్యాకేజీ పేరులోనే కలిపేస్తారు. పేర్లు వేరు, ఫైళ్లు వేరు, కాబట్టి రెండూ ఒకే సిస్టమ్‌లో పక్కపక్కన ఉండొచ్చు. రెండు సాఫ్ట్‌వేర్‌లకి రెండు వెర్షన్లు కావాల్సి వస్తే ఎలా అన్న మీ చిన్న ప్రశ్నకి ఇదే జవాబు. పేరు వేరైతే కుదురుతుంది. ఒకే పేరుతో రెండు వెర్షన్లు మాత్రం ఒకే ఆర్కిటెక్చర్‌కి (ప్రాసెసర్ రకానికి) డీపీకేజీ ఒప్పుకోదు. ఆ రోజు 20.04 రిపాజిటరీ నుంచి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 డెబ్ తెచ్చి పెట్టాను, పట్టీలు నడిచాయి. అది తాత్కాలికమే. అమ్మినవాళ్ల వెంటపడి కొత్తగా తయారుచేయించాం, ఈసారి డిపెండ్స్ వరసతో. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి దాన్ని తయారుచేసేవాళ్ల ఉచిత మద్దతు 2023 సెప్టెంబర్ 11తో ఆగిపోయింది, పాతదాన్ని పట్టుకుని వేలాడే రోజులు కావవి.

మీరు ఎలాగూ 24.04కి వెళతారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. అక్కడ లిబ్‌కర్ల్4 ఉండదు, లిబ్‌కర్ల్4టీ64 ఉంటుంది. 2038 జనవరి 19న 32 బిట్ల కాలం లెక్క నిండిపోతుంది. అది రాకముందే కొన్ని రకాల 32 బిట్ సిస్టమ్‌లలో కాలాన్ని 64 బిట్లకి మార్చారు, దానివల్ల బిగింపు మారిన లైబ్రరీల ప్యాకేజీల పేర్లకి టీ64 తోక తగిలించారు. మన 64 బిట్ సిస్టమ్‌లలో బిగింపు ఏమీ మారలేదు, పేరు ఒక్కటే మారింది. అందుకని కొత్తదాని చీటీలో ప్రొవైడ్స్ అన్నచోట లిబ్‌కర్ల్4 అని రాశారు, అంటే ఆ పేరుతో అడిగినా నేనే పలుకుతాను అని. ఫైళ్లు ఒకటే కాబట్టి పాతదీ కొత్తదీ కలిసి ఉండలేవు, ఆ సంగతి బ్రేక్స్, రీప్లేసెస్ అన్న వరసల్లో ఉంటుంది. పేరు మారడం, రెండు ప్యాకేజీలు ఒకటవడం, ఒకటి రెండవడం, ఇవన్నీ ఎక్కువగా ఈ మూడు వరసలతోనే నడుస్తాయి. అప్‌గ్రేడ్ మధ్యలో ఒక లైబ్రరీ పోతోందని కనిపిస్తే, దాని స్థానంలో పలికేది ఏమైనా వస్తోందా అని చూడండి. చాలావరకు వస్తూనే ఉంటుంది.

ఎండాకాలం వస్తోంది, కరెంటు గురించి ఒక మాట. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే ఆవర్జా పాడైపోతుందా అంటే, ఊరికే పాడవదు. డీపీకేజీ ఒక్కో అడుగుకీ మొత్తం స్టేటస్ ఫైల్‌ని తిరగరాయదు. పక్కనే అప్‌డేట్స్ అనే ఫోల్డర్లో చిన్న చిన్న చీటీలుగా రాసుకుంటూ పోయి, తర్వాత వాటిని ఆవర్జాలో కలుపుతుంది. ఒక ప్యాకేజీ విప్పడం అయింది, సెట్ చేయడం కాలేదు అన్నంత సూక్ష్మంగా ఉంటుంది ఆ రాత. అందుకే కరెంటు వచ్చాక డీపీకేజీ కాన్ఫిగర్ మైనస్ ఏ కొట్టమని అడుగుతుంది, కొడితే ఆగినచోట నుంచి అందుకుంటుంది. ఆవర్జా పాత నకళ్లు వార్‌లోని బ్యాకప్స్‌లో ఉంటాయి. 60 సిస్టమ్‌లకి ఒకేసారి అప్‌గ్రేడ్ పెట్టే ముందు ల్యాబ్ యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో మాత్రం చూసుకోండి.

వేరే లినక్స్ కుటుంబాల్లోనూ సూత్రం ఇదే. ఫెడోరా, రెడ్‌హ్యాట్‌ల ఆర్‌పీఎం చీటీలో ప్యాకేజీ పేరు బదులు నేరుగా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్‌ఓ 3 కావాలి అని రాస్తారు, అది ఏ ప్యాకేజీ ఇస్తే ఏమిటి అన్న ధోరణి. దాని ఆవర్జా ఫెడోరా 33 నుంచి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంటోంది. అక్కడ ఆప్ట్ పని చేసే డీఎన్‌ఎఫ్ ఒక్కో ప్యాకేజీ ఎందుకు వచ్చిందో కారణంతో సహా రాసుకుంటుంది, పాత లావాదేవీని వెనక్కి తిప్పమన్నా ప్రయత్నిస్తుంది. ఆర్చ్ లినక్స్‌లో పాక్‌మ్యాన్ ఒక్కో ప్యాకేజీకి ఒక ఫోల్డర్ పెట్టుకుని, వెనక వచ్చినవాటికి రీజన్ 1 అని రాస్తుంది. అక్కడ ఒక్క ప్యాకేజీనే కొత్తదానికి మార్చి మిగతావి పాతవే ఉంచడం ఎవరూ సమర్థించరు, మారిస్తే అన్నీ మార్చాలి. పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్ ఈ విషయంలో వెనకబడే ఉంది. ఒకటి తీసేస్తే దాని వెనక వచ్చినవి అలాగే ఉండిపోతాయి. ల్యాబ్‌లో పైథాన్ పనులకి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు వాడండి, పాడైతే ఫోల్డర్ మొత్తం చెరిపేసి మళ్లీ చేసుకోవచ్చు.

వీటన్నిటికన్నా భిన్నంగా ఆలోచించింది నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్. ప్రతి ప్యాకేజీనీ పేరులో ఒక పొడవాటి హ్యాష్, అంటే గుర్తింపు కోడ్, ఉన్న ఫోల్డర్లో పెడుతుంది. తయారైన ఫైళ్లలో వేరే ప్యాకేజీల హ్యాష్‌లు ఎక్కడైనా కనిపిస్తున్నాయా అని వెతికి, కనిపిస్తే అదే అవసరం అని రాసుకుంటుంది. మనిషి రాయడం మరిచిపోయినా పట్టుకుంటుంది. ఆ మిర్చి యార్డు ప్యాకేజీని నిక్స్‌లో తయారుచేసి ఉంటే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ హ్యాష్ దాని ఫైల్లో దొరికి ఉండేది, ఎవరూ తీసేయగలిగేవారు కాదు. ఒకే లైబ్రరీ పది వెర్షన్లు కూడా పక్కపక్కన ఉంటాయి. డిస్క్ ఎక్కువ తింటుంది, నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది. ఆసక్తి ఉంటే ఇంట్లో ఒక సిస్టమ్‌లో పెట్టి చూడండి, ఎక్స్‌టర్నల్స్ ముందు ల్యాబ్‌లో వద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ రోజే ఒక సిస్టమ్‌లో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీ++ అని కొట్టండి. ఇది ఇప్పటికే ఉంది అని, దాని కింద జీ++ సెట్ టు మాన్యువల్లీ ఇన్‌స్టాల్డ్ అని వస్తుంది. కొత్తగా ఏదీ దిగదు, మూడో పుస్తకంలో గుర్తు ఒక్కటి చెరిగిపోతుంది, అంతే. తర్వాత ఆప్ట్-గెట్ మైనస్ ఎస్ ఆటోరిమూవ్ కొట్టండి. ఆ ఎస్ ఉంటే ఏదీ తీయదు, ఏం తీస్తుందో చూపిస్తుంది. జీ++ పేరు జాబితాలోంచి పోయి ఉండాలి. మిగిలిన పేర్లు ఒక్కొక్కటే చదవండి. ఏదైనా తెలియని పేరు ఉంటే ఆప్టిట్యూడ్ వై అని దాని పేరు ఇస్తే, ఇప్పుడు దాన్ని అడిగే దారి ఏదైనా ఉంటే ఒక్కో మెట్టూ చూపిస్తుంది.

60 సిస్టమ్‌లలోనూ ఇది చేత్తో చేయకండి. ఈక్వివ్స్ అనే చిన్న పరికరం ఉంది. దాంతో మీ కాలేజీ ల్యాబ్ పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీ తయారుచేయండి, డిపెండ్స్ వరసలో జీ++, మేక్, ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే జీడీబీ, వాల్‌గ్రైండ్, ఇంకా మీ సిలబస్‌కి ఏమేం కావాలో రాయండి. పది వరసల ఫైల్ అది. ఆ డెబ్‌ని అన్ని సిస్టమ్‌లలో ఆప్ట్‌తోనే పెట్టండి. డీపీకేజీతో పెడితే కావాల్సినవి తెచ్చుకోదు. వచ్చే ఏడాది సిలబస్ మారి కొత్త సాఫ్ట్‌వేర్ కావాలంటే ఆ వరసలో చేర్చి, వెర్షన్ 1.0ని 1.1 చేసి మళ్లీ పెట్టండి. అక్కర్లేనిది వరసలోంచి తీసేస్తే ఆటోరిమూవ్ జాబితాలోకి అదే వస్తుంది. పేరుపెట్టి పెట్టిన ప్యాకేజీ కాబట్టి దీన్ని ఆప్ట్ తనంతట తాను తీయదు. ఎవరైనా చేత్తో తీసేస్తే హిస్టరీ ఫైల్లో తేదీతో సహా ఉంటుంది.

ఆ మైనస్ ఎస్ జాబితాలో ఏ పేరు దగ్గరైనా అనుమానం వస్తే ఇక్కడే పెట్టండి, రాత్రి 9 తర్వాత చూస్తాను.